తుపాకీతో పాటు నేర్వవలసిన పాఠం



ఆ ఆదివారం ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు బయలుదేరుతున్నారు. మా సంఘంలోని ఒక తల్లి మాత్రం ఆవరణలోని వేపచెట్టు కింద నిలబడిపోయింది. చేతిలో ఫోను, కళ్లలో నీళ్లు. ఏమ్మా అని అడిగాను.

"మాస్టారండీ, మావాడు ట్రైనింగు నుంచి ఫోను చేశాడండీ. అమ్మా, నేనిక్కడ ఉండలేను, వచ్చేస్తాను అని ఏడుస్తున్నాడండీ. వాళ్ల నాన్న ఫోను లాక్కుని, మగాడివై ఉండి ఏడుస్తావా, ఊళ్లో నన్ను తలెత్తుకోనివ్వవా అని కేకలేశారు. వాడు మారుమాట్లాడకుండా పెట్టేశాడు. వారానికి ఒక్కసారే ఫోను ఇస్తారట. మళ్లీ ఆదివారం దాకా వాడు ఎట్లా ఉంటాడో!"

ఆ కుర్రవాడు నాకు బాగా తెలుసు. నా దగ్గర పదో తరగతి చదివాడు. రెండేళ్లపాటు తెల్లవారక ముందే లేచి చెరువుగట్టు మీద పరుగెత్తేవాడు. లెక్కలు, జనరల్ నాలెడ్జి పుస్తకాలు పట్టుకుని రాత్రుళ్లు చదివేవాడు. సైన్యంలో చోటు దొరికిందని తెలిసినప్పుడు ఊరంతా సంతోషించింది. బయలుదేరేనాడు సంఘమంతా ప్రార్థన చేసి, మెడలో దండ వేసి బస్సెక్కించాము.

ఆ తల్లి వెళ్లిపోయాక నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. అతనికి పరుగు నేర్పాము, లెక్కలు నేర్పాము, ఇంటర్వ్యూలో ఎట్లా నిలబడాలో నేర్పాము. కాని దిగులు కమ్ముకొచ్చినప్పుడు ఏమి చేయాలో ఎవరు నేర్పారు? పాతికేళ్లు పాఠాలు చెప్పిన నేను నేర్పానా? కన్నవారు నేర్పారా? ఈ నెల మన శీర్షికలో ఆ సంగతే మాట్లాడుకుందాము.

కొత్త సిపాయికి ఎదురయ్యేది

సైన్యంలోకి బిడ్డలను పంపడం మన తెలుగు పల్లెలకు కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరాన్ని జనం 'మిలటరీ మాధవరం' అనే పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి ఆ ఊరి ఇళ్లలో సిపాయిలున్నారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి కూడా యువకులు ఏటా వెళుతూనే ఉన్నారు. 2022 జూన్ 14న ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించిన తరువాత, సిపాయిగా చేరేవారు 'అగ్నివీరులు'గా నాలుగేళ్ల సేవకు వెళుతున్నారు. వారిలో నూటికి 25 మందికి మించకుండా తరువాత శాశ్వత సేవలోకి తీసుకుంటారు. మిగిలినవారు ఇంటికి రావాలి. అంటే శిక్షణలో చేరిన మొదటి రోజునుంచే, నాలుగేళ్ల తరువాత నా గతి ఏమిటన్న ఆలోచన కూడా వాని పక్కనే పడుకుంటుంది.

శిక్షణ సుమారు ఆరు నెలలు. వెళ్లేవాడు పద్దెనిమిది, పందొమ్మిదేళ్లవాడు. అప్పటిదాకా అమ్మ చేతి అన్నం తిన్నవాడు, ఇప్పుడు లంగరులో వరుసలో నిలబడి రొట్టెలు తింటాడు. తెల్లవారకముందే ఫాల్ ఇన్. తరువాత పి.టి., డ్రిల్లు, ఆయుధ పాఠాలు. రాత్రి రోల్ కాల్. ఆజ్ఞలు హిందీలో ఉంటాయి. మనవానికి హిందీ అంతంతమాత్రం. ఉస్తాద్ అన్నది అర్థం కాక ఒక్క క్షణం ఆలస్యమైతే దండన. ఆ దండన ఒక్కొక్కప్పుడు బ్యారక్ అంతటికీ పడుతుంది. అప్పుడు తోటివారు వీని వంక చూసే చూపు దండన కన్నా బాధగా ఉంటుంది.

ఇందులో తప్పేమీ లేదు. యుద్ధభూమికి వెళ్లవలసినవానికి కఠినమైన శిక్షణ కావాలి. ఇల్లు వదలడం, నిద్ర తగ్గడం, భాష తెలియకపోవడం, నలుగురిలో తప్పు పట్టించుకోవడం ఇవన్నీ ఒకే వారంలో మీదపడితే ఎంతటి బలవంతుని మనసైనా వంగుతుంది. వంగడం వేరు, విరిగిపోవడం వేరు. ఆ రెంటికీ మధ్య నేర్చుకోవలసిన విద్య ఒకటి ఉంది.

పిరికితనం అనుకున్న కాలం

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) కందకాలలో నెలల తరబడి గుండ్ల మోత విన్న సిపాయిలలో చాలామందికి చేతులు వణికేవి, మాట పడిపోయేది, నిద్ర పట్టేది కాదు. దానికి 'షెల్ షాక్' అని పేరు పెట్టారు. అది మనసుకు తగిలిన గాయమని గ్రహించిన వైద్యులు కొందరున్నా, పిరికితనమని తేల్చినవారూ చాలామంది ఉన్నారు. ఆ యుద్ధంలో విధులు వదలి పారిపోయారనీ, పిరికితనం చూపారనీ, అటువంటి ఇతర నేరాలకూ బ్రిటిష్ సైన్యం తన కొలువులోని 306 మందిని కాల్చి చంపింది. వారిలో కొందరు షెల్ షాక్‌తో బాధపడుతున్నవారని తరువాతి తరాలు గుర్తించాయి. 2006లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి వారికి మరణానంతర క్షమాపణ ప్రకటించింది. దాదాపు 90 ఏళ్లు ఆ కుటుంబాలు అవమానం మోశాయి.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, "మగాడివై ఉండి ఏడుస్తావా" అన్న మాట మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. ఆ మాట అన్న తండ్రి దుర్మార్గుడు కాడు. కొడుకు మీద ప్రాణం పెట్టుకున్నవాడే. తనకు భయమేసినప్పుడు కేకలేయడం తప్ప మరొకటి ఆయనకూ ఎవరూ నేర్పలేదు.

నేర్పితే వచ్చే విద్య

ధైర్యం పుట్టుకతో రావాలిగాని నేర్పితే వస్తుందా అని మీరు అడగవచ్చు. 1990 దశకంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'జీవన నైపుణ్యాలు' అని పది నైపుణ్యాలను చెప్పింది. తన్ను తాను ఎరగడం, ఎదుటివాని బాధ అర్థం చేసుకోవడం, మనసులోని మాట స్పష్టంగా చెప్పడం, ఇతరులతో పొసగి ఉండటం, నిర్ణయం తీసుకోవడం, సమస్యకు దారి వెతకడం, కొత్త విధంగా ఆలోచించడం, నిజానిజాలు విచారించి ఆలోచించడం, ఉద్వేగాలను సంబాళించుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. ఇవి బడిపిల్లలను ఉద్దేశించి రాసినవే. అయినా కొత్త సిపాయికి ఇందులో అక్కరలేనిది ఒక్కటైనా ఉందేమో చూడండి.

సైన్యాలు కూడా ఈ దారి పట్టాయి. అమెరికా నౌకాదళంలో కొత్తగా చేరినవారికి గ్రేట్ లేక్స్ అనే చోట శిక్షణ ఇస్తారు. అక్కడ కొన్ని దళాలకు మామూలు శిక్షణతో పాటు ఆలోచనలను, ఒత్తిడిని ఎట్లా ఎదుర్కోవాలో కూడా నేర్పి, మిగిలిన దళాలతో పోల్చి చూశారు. 2007లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, నేర్చుకున్న దళాలలో ఐకమత్యం ఎక్కువ కనబడింది. సమస్యకు దారి వెతకడం పెరిగింది, కోపాన్ని వెళ్లగక్కడం తగ్గింది.

2009లో అమెరికా పదాతి సైన్యం మరి పెద్ద ప్రయత్నం మొదలుపెట్టింది. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాలకు సిపాయిలు మళ్లీ మళ్లీ వెళ్లి వస్తున్న రోజులవి. ఆత్మహత్యలు పెరుగుతున్నాయని అధికారులు కలవరపడ్డారు. మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ పనిచేసే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం సాయంతో, సార్జెంట్లకు పది రోజుల శిక్షణ ఇప్పించారు. ఆ సార్జెంట్లే తిరిగి తమ సిపాయిలకు నేర్పాలి. వైద్యులకు కాక సార్జెంట్లకే ఎందుకు? కొత్తవాడు వైద్యుని దగ్గరకు ఎప్పుడో గాని వెళ్లడు. సార్జెంటు ముందు పగలంతా ఉంటాడు. తిట్టే నోటితోనే ఆ మాట కూడా వస్తే వాడు నమ్ముతాడు.

అయితే దీనితో అన్నీ చక్కబడ్డాయని చెప్పడం సత్యం కాదు. అక్కడి సైన్యం నడిపే ఇటువంటి కార్యక్రమాలలో చాలావాటికి తగినంత ఆధారం లేదని 2014లో ఆ దేశపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ తన నివేదికలో చెప్పింది. తరగతి ఒక్కటే చాలదు. నేర్చుకున్నది వాడుకోవడానికి చుట్టూ ఉన్నవారు చోటివ్వాలి. అధికారి ఇవ్వాలి, తోటివాడు ఇవ్వాలి, ఇంటివారూ ఇవ్వాలి.

ఆ పాఠాలలో నాలుగు

పెద్ద పెద్ద మాటలు విని భయపడకండి. ఆ తరగతులలో చెప్పేవి మన అరుగు మీద కూర్చుని చెప్పుకోదగిన సంగతులే.

మొదటిది, జరిగినదానికీ అనుకున్నదానికీ తేడా కనిపెట్టడం. ఉస్తాద్ నలుగురిలో గద్దించాడు. అది జరిగింది. "నేను దేనికీ పనికిరాను, అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు." ఇది మనవాడు అనుకున్నది. దుఃఖం గద్దింపు నుంచి కాక ఎక్కువగా ఈ అనుకున్నదాని నుంచి వస్తుంది. "ఇవాళ నా అడుగు తప్పింది, రేపు సరిచేసుకోవాలి" అని అనుకుంటే ఆ గద్దింపే మరోలా వినబడుతుంది. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపిన దారి ఇది. ఒక కాగితం మీద ఏమి జరిగింది, నేనేమి అనుకున్నాను, నాకేమి కలిగింది అని మూడు గడులు గీసుకుని రాసుకుంటే చాలు.

రెండవది, ఊపిరి. గుండె దడదడలాడుతున్నప్పుడు నాలుగు అంకెలు లెక్కించేంతసేపు గాలి పీల్చి, నాలుగు అంకెలు నిలిపి, నాలుగు అంకెలు వదలి, మరి నాలుగు అంకెలు ఆగాలి. ఇట్లా నాలుగైదు సార్లు. కాల్పుల పరీక్షకు ముందు, కోపం ముంచుకొచ్చినప్పుడు, నిద్రపట్టని రాత్రి ఇది పనికొస్తుంది. డబ్బు ఖర్చు లేదు, ఎవరికీ తెలియను కూడా తెలియదు.

మూడవది, పగలు జరిగిన మంచిని రాత్రి వెతకడం. కష్టంలో ఉన్న మనసు చెడునే లెక్కపెడుతుంది. పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు రాసుకోమంటారు. పక్క మంచం కుర్రవాడు బూట్లు పాలిష్ చేసి పెట్టడం, పరుగులో నిన్నటికన్నా కొంచెం ముందుండటం, లంగరులో ఒకనాడు అన్నం దొరకడం. చిన్నవే. చిన్నవి కనుకనే వెతకాలి.

నాలుగవది, సాయం అడగడం. అన్నింటిలో కష్టమైనది ఇదే. మన సైన్యంలో ప్రతి సిపాయికీ ఒక 'బడ్డీ' ఉంటాడు. ఒకరి బాగోగులు ఒకరు చూసుకోవాలి. పైన ఉస్తాద్ ఉంటాడు, వైద్యానికి ఎం.ఐ. రూము ఉంటుంది. సైన్యంలో మత బోధకులుగా నియమితులయ్యే జె.సి.ఓ.లలో పండితులు, గ్రంథీలు, మౌల్వీలతో పాటు పాద్రీలు కూడా ఉంటారు. ద్వారాలున్నాయి. తట్టాలని వానికి ముందే ఎవరైనా చెప్పి ఉండాలి.

ఇంటివారి పని

ఆ తల్లితో నేను ఒక మాట చెప్పాను. "అమ్మా, వచ్చే ఆదివారం ఫోను వచ్చినప్పుడు, రావద్దురా అని గాని, వచ్చెయ్యరా అని గాని వెంటనే అనకు. ముందు నాలుగు ప్రశ్నలడుగు. కడుపునిండా తింటున్నావా? నిద్ర పడుతోందా? నీ పక్క మంచం అబ్బాయి ఎవరు? ఈ బాధ అక్కడ ఎవరికైనా చెప్పావా? అడిగి ఊరుకో. వాడిని మాట్లాడనివ్వు."

ఆ నాలుగు ప్రశ్నలలోనే చాలా సంగతి ఉంది. తిండి, నిద్ర తప్పి రెండు మూడు వారాలు దాటితే అది మామూలు దిగులు కాకపోవచ్చు. పక్కవాని పేరు చెప్పగలిగితే వాడు ఒంటరివాడు కాడు. ఎవరికీ చెప్పలేదంటే, ఎవరికి చెప్పాలో కలిసి ఆలోచించవచ్చు.

మరొక సంగతి. సిపాయిలకు నేర్పే పాఠాలలో, మంచి కబురు విన్నప్పుడు ఎట్లా స్పందించాలన్నది కూడా ఒకటి. మన ఇళ్లలో ఏమి జరుగుతుంది? "అమ్మా, ఇవాళ ఫైరింగులో గురి బాగా కుదిరింది" అంటాడు కొడుకు. "సరేలేరా, డబ్బులెప్పుడు పంపుతావు, ఇంటి పైకప్పు కారుతోంది" అంటాము. నవ్వకండి, నేనూ అన్నవాడినే. వాడు సంతోషం చెప్పినప్పుడు రెండు నిమిషాలు ఆ సంతోషంలోనే ఉండండి. ఎట్లా కొట్టావురా, ఉస్తాద్ ఏమన్నాడు అని అడగండి. సంతోషం చెప్పుకోవడానికి చోటున్న ఇంటిలోనే దుఃఖం చెప్పుకోవడానికి నోరు వస్తుంది. పైకప్పు సంగతి తరువాత.

"చచ్చిపోవాలనిపిస్తోంది", "నేను లేకపోతే మీరే సుఖంగా ఉంటారు" వంటి మాటలు వినబడితే మాత్రం బెదిరింపు అని కొట్టివేయకండి. అటువంటి ఆలోచన ఉందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. వెంటనే అక్కడి బడ్డీకి గాని, అధికారికి గాని తెలియజేయండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఫోను సేవ ఉంది. నంబరు 14416. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు. సైనికులకూ వారి కుటుంబాలకూ ఇదే సేవలో ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరు 1న పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో ప్రారంభించారు. ఈ నంబరు ఇంటి గోడ మీద పాల లెక్క పక్కనే రాసి పెట్టుకోండి.

ప్రార్థన చాలదా?

"మేము ప్రార్థన చేస్తున్నాము కదా మాస్టారూ, డాక్టరు దగ్గరకు వెళ్లమంటే విశ్వాసం లేనట్టు కాదా?" అని ఆ తండ్రి నన్నడిగాడు. మన సంఘాలలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న ఇది. నేను ఆయనకు ఏలీయాను జ్ఞాపకం చేశాను. కర్మెలు మీద అంత పరాక్రమం చూపిన ప్రవక్త, ఆ తరువాత బదరీ చెట్టు కింద కూలబడి తన ప్రాణం తీసివేయమని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు ఆయనను పిరికివాడని గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. ప్రయాణం సంగతి, పని సంగతి ఆ తరువాతనే. చివరకు తోడుగా ఎలీషాను కూడా ఇచ్చాడు. కాలు విరిగితే ప్రార్థన చేస్తూనే కట్టు కట్టించుకుంటాము కదా. మనసుకు మాత్రం కట్టు ఎందుకు వద్దు?

ఆయన ఏమీ అనలేదు. తల వంచుకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం ఫోను రాలేదు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ అన్నం తినలేదని తరువాత తెలిసింది. ఆ తరువాతి ఆదివారం ఫోను మోగింది. ఈసారి తండ్రే తీసుకున్నాడట. చాలాసేపు మాట రాలేదట. చివరకు, "ఏడుపు వస్తే ఏడువురా. నేను వింటాను" అన్నాడట. ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు ఎన్నడూ వినని మాట అది.

కుర్రవాడు అప్పుడు చెప్పాడు. పక్క మంచం మీద విజయనగరం అబ్బాయి ఉన్నాడు. రాత్రి తాను నిద్రపోకపోవడం చూసి, మరునాడు తానే వెంటబెట్టుకుని ఉస్తాద్ దగ్గరకు తీసుకువెళ్లాడు. ఉస్తాద్ గద్దిస్తాడనుకుంటే, కూర్చోబెట్టి టీ తాగించి, తాను రంగ్రూటుగా ఉన్నప్పుడు రెండుసార్లు మూట సర్దుకున్న సంగతి చెప్పాడట. ఎం.ఐ. రూముకు పంపి డాక్టరు చేత మాట్లాడించాడట.

ఇప్పుడు అంతా బాగైపోయిందని నేను రాయను. దిగులు ఇంకా వస్తూనే ఉందట. వచ్చినప్పుడు ఏమి చేయాలో మాత్రం తెలిసిందట. కసమ్ పరేడ్‌కు తల్లిదండ్రులను రమ్మని కబురు పెట్టాడు. తండ్రి కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఒకవేళ అతడు శిక్షణ ముగించలేక తిరిగి వచ్చి ఉన్నా, ఆ తలుపు అతనికి తెరిచే ఉండాలని నేను ఆ ఇంటివారితో ముందే చెప్పాను. బిడ్డ ప్రాణం కన్నా ఊరి మాట ఎక్కువ కాదు.

మీ ఊరి నుంచి ఈ ఏడు ఎవరైనా సైన్యానికి వెళుతున్నారా? దండ వేసే ముందురోజు సాయంత్రం అతన్ని పిలిచి కూర్చోబెట్టండి. "అక్కడ నీకు దిగులు వేస్తుంది. అది తప్పు కాదు. అప్పుడు ఇట్లా ఊపిరి తీయి, పక్కవానితో చెప్పు, మాకు ఫోను చెయ్యి, మేము కేకలేయము" అని చెప్పండి. అయిదు నిమిషాల పని. తరువాత తలమీద చేయి వేసి ప్రార్థన చేసి పంపండి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాము.